కాన్‌స్టాన్స్ సరస్సులో క్వాగా ఆల్చిప్పలు: నీరు తేటపడితే నష్టమేమిటి?

ప్రశ్న:
కొన్నేళ్లుగా కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున, జర్మనీ వైపు ఉంటున్నాను. ఈ శీతకాలం నీటిమట్టం తగ్గినప్పుడు రేవు మెట్ల దగ్గర ఒక రాయిని పైకి తీసి చూస్తే, గోరంత చారల ఆల్చిప్పలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, రాయి కనిపించనంతగా పట్టుకొని ఉన్నాయి. ఇవి నల్లసముద్ర తీరపు నదుల నుంచి వచ్చిన క్వాగా ఆల్చిప్పలనీ, నీటిని వడగట్టి తేటపరుస్తాయనీ తెలిసింది. నీరు తేటపడటం మంచిదే కదా, మరి ఇక్కడివారు ఇంతగా ఆందోళన చెందడానికి కారణమేమిటి?

జవాబు 1:
తేటగా ఉన్నంత మాత్రాన ఆ నీటిలో జీవం బాగున్నట్టు కాదండీ. కంటికి కనిపించని నాచును సూక్ష్మ జలచరాలు తింటాయి, వాటిని చేపలు తింటాయి. క్వాగా ఆ మొదటి ముద్దనే లాగేసుకుంటుంది. ఈ సరస్సుకు పేరు తెచ్చిన ఫెల్షెన్ చేపలు బాగా తగ్గిపోవడంతో 2024 నుంచి మూడేళ్లపాటు వాటి వేటను నిషేధించారు. నేరమంతా క్వాగాదే అనడం న్యాయం కాదు. నీటిలో నాచుకు పోషకమైన ఫాస్ఫరస్ తగ్గడం, స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపలు విపరీతంగా పెరగడం కూడా కారణాలే. అయితే ఉన్న కాస్త తిండికీ క్వాగా పోటీకి వచ్చింది.

పైగా, 1960ల నుంచి అక్కడున్న, క్వాగాకు దగ్గరి జాతైన జీబ్రా ఆల్చిప్పలు తక్కువ లోతులకే పరిమితం కాగా, 2016లో కనిపించిన క్వాగా చల్లని లోతుల్లోనూ సంతానాన్ని పెంచుకుంటుంది. దాదాపు 40 లక్షల మందికి తాగునీరు అందించే సంస్థ 60 మీటర్ల లోతు నుంచి నీటిని తోడుతుంది. ఆ గొట్టాల్లోకి చేరిన లార్వాలు, అంటే కంటికి ఆనని పిల్లలు, గోడలకు అతుక్కొని పెరుగుతాయి.

జవాబు 2:
నదుల సంగతి కూడా చెప్పాలి. జీబ్రా ఆల్చిప్ప 1824 నాటికే లండన్ రేవుల్లో కనిపించింది. 1992లో డాన్యూబ్ నదిని రైన్ ఉపనది మైన్‌తో కలిపే మైన్-డాన్యూబ్ కాలువ పూర్తయ్యాక తూర్పు నదుల జీవులకు రైన్ నదిలోకి సూటి దారి దొరికింది. ఇక్కడి స్థానిక నదీ ఆల్చిప్పల లార్వాలు చేపల మొప్పలనో రెక్కలనో పట్టుకుంటే తప్ప ఎదగవు. ఈ వలస జాతుల లార్వాలు మాత్రం నీటిలో స్వేచ్ఛగా తేలుతూ ప్రవాహంతో పోతాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, అవి స్థానిక ఆల్చిప్పల మీదే గుత్తులుగా అతుక్కోవడం. అంత బరువు మోస్తూ, తిండికి పోటీపడుతూ, అవి మెల్లగా చచ్చిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. వేసవిలో మా చిన్న పడవను మరో సరస్సుకు తీసుకువెళ్తుంటాము. ఏ జాగ్రత్త తీసుకోవాలి?

జవాబు 2:
అడుగున నిలిచిన నీటిని ఒడ్డు మీదే పారబోయండి, ఎందుకంటే లార్వాలు ఉండేది అందులోనే. పడవనూ తాళ్లనూ వేడినీటితో కడిగి, మడతల్లో తడి లేకుండా పూర్తిగా ఆరనివ్వండి. తేమ ఉంటే పెద్ద ఆల్చిప్పలు గట్టు మీద కూడా రోజుల తరబడి బతికి ఉంటాయి.