ప్రోస్టేట్ గ్రంథి రక్తపరీక్ష (పీఎస్‌ఏ) 5.2 వచ్చింది, ఎంఆర్‌ఐకి వెళ్లాలా, ఆగాలా?

నిద్రలేని_61: వరుసగా మూడేళ్ల పీఎస్‌ఏ 3.1, 3.6, ఇప్పుడు 5.2. రాత్రి మూడుసార్లు లేస్తున్నా. డాక్టరు ఎంఆర్‌ఐ రాశారు. ఇంట్లో అప్పుడే క్యాన్సర్ అని ఖాయం చేసేశారు. ఇలా పెరిగినవాళ్లు ఏం చేశారు?

పాతకాపు: మూత్రంలో మంట, జ్వరం ఏమైనా ఉన్నాయా? నాకు ఇన్ఫెక్షన్‌లో 9 దాటింది. మందుల కోర్సు అయ్యాక ఆరు వారాలాగి చేయిస్తే 3.4. పరీక్షకు రెండ్రోజుల ముందు నుంచి సైకిల్ తొక్కడం, కలయిక మానేయమన్నారు. అదే ల్యాబ్‌లో ఇంకోసారి చేయించండి.

లెక్కలమాస్టారు: ఏం మందులు వాడుతున్నారండీ? ప్రోస్టేట్‌ను కుదించే ఫినాస్టరైడ్ మొదలెట్టిన ఏడాదికి నా పీఎస్‌ఏ సగమైంది, సంబరపడ్డా. డాక్టరు నవ్వి, "రెట్టింపు చేసి చదువుకోండి" అన్నారు. ఆ మందు మీద ఉన్నప్పుడు తగ్గిన అంకె మళ్లీ పెరిగితే, చిన్నదైనా, వదిలేయకూడదట.

నిద్రలేని_61: మూత్రం సులువుగా రావడానికిచ్చే టామ్సులోసిన్ ఒక్కటేనండీ. మంట లేదు.

లెక్కలమాస్టారు: దానివల్ల పీఎస్‌ఏ మారదు. శుక్లాల ఆపరేషన్ ఎప్పుడైనా ఉంటే మాత్రం కంటి డాక్టరుకు ఈ మందు సంగతి ముందే చెప్పండి, ఇది కంటిపాప మీదా పనిచేస్తుంది.

వేచిచూసేవాడు: నాకు ఎంఆర్‌ఐలో పైరాడ్స్ 4, అంటే అనుమానానికి ఐదులో నాలుగు; బయాప్సీలో గ్లీసన్ 3+3, అంటే నెమ్మదిగా పెరిగే రకం. నిజంగానే క్యాన్సర్. అయినా నాలుగేళ్లుగా ఆపరేషన్ లేదు, రేడియేషన్ లేదు. ఆర్నెల్లకోసారి పీఎస్‌ఏ, మధ్యలో ఎంఆర్‌ఐ, ఒకసారి మళ్లీ బయాప్సీ. రిపోర్టు వచ్చే వారం మాత్రం అన్నం సహించదు, అబద్ధమెందుకు. ఎంఆర్‌ఐకి భయపడకండి, సూది ఎక్కడ గుచ్చాలో అదే చెబుతుంది.

గొట్టంతో_పదిరోజులు: నా కథ తిరగబడింది. పీఎస్‌ఏ 2 లోపే, అందుకే ధార సన్నబడినా పట్టించుకోలేదు. ఓ రాత్రి జలుబు మాత్ర వేసుకున్నాను, కొన్ని జలుబు మాత్రలు మూత్రం దారిని బిగించేస్తాయట; తెల్లారేసరికి చుక్క రాలేదు. ఎమర్జెన్సీలో గొట్టం వేశారు, చివరికి టర్ప్, అంటే మూత్రనాళం గుండా ప్రోస్టేట్‌ను గీకి తీసే ఆపరేషన్, చేశారు. ఇప్పుడు ధార బాగుంది. వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్తుందని ముందు ఎవరూ చెప్పలేదు, అదొక్కటే కోపం. మీరు లేచే సార్లతో పాటు, పోశాక లోపల ఎంత మిగులుతోందో స్కాన్‌లో చూడమనండి. రక్తం పడినా, పూర్తిగా ఆగినా అపాయింట్‌మెంట్ కోసం కూర్చోవద్దు.

నిద్రలేని_61: డాక్టరుతో మాట్లాడాను. అదే ల్యాబ్‌లో ఇంకోసారి పీఎస్‌ఏ, దాంతోపాటు మూత్ర పరీక్ష. తగ్గకపోతే ఎంఆర్‌ఐ. సైకిల్ ఇవాళే పక్కన పెట్టేశా.