1936కు ముందరి చికాకోల్ (నేటి శ్రీకాకుళం) తాలూకా గ్రామ లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

మా ముత్తాతగారి తండ్రి కళింగపట్నం సమీపంలోని మా గ్రామానికి ఏ ఊరి నుంచి వలస వచ్చారో తెలుసుకోవాలని ఎంతో ప్రయత్నించి, దారి తోచక తెలిసినవారి సహాయం కోరుతున్నాను.

మా ఇంట మిగిలిన పాత ఆధారం 1927 నాటి భూమి క్రయ దస్తావేజు ఒక్కటే. అందులో ముత్తాతగారి పేరు, తండ్రి పేరు, ‘గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా’ అన్న చిరునామా స్పష్టంగా ఉన్నాయి గాని, పూర్వపు స్వగ్రామం ప్రస్తావన లేదు. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో పాత సూచికలు వెతికించినా అంతకు ముందరి దస్తావేజేదీ ఆ పేర్లతో కనబడలేదు. తహసీల్దారు కార్యాలయంలో చూపిన అడంగళ్లు (భూమి సాగు వివరాల లెక్కలు) స్వాతంత్ర్యం తర్వాతివే. మా ఊరి కరణాల కుటుంబంవారు, 1984లో ఆ వ్యవస్థ రద్దయినప్పుడు లెక్కల పుస్తకాలన్నీ ప్రభుత్వానికి అప్పగించామన్నారు. ఇంటిపేరు, గోత్రం పట్టుకొని బంధువర్గంలో పెద్దలను విచారిస్తే రెండు వేర్వేరు ఊర్ల పేర్లు వచ్చాయి. రెండింటికీ లిఖిత సాక్ష్యం లేదు.

శ్రీకాకుళం ప్రాంతం 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం నుంచి విశాఖపట్నం జిల్లాలోకి మారి, 1950లో ప్రత్యేక జిల్లా అయింది కనుక, పాత కాగితాలు ఈ మార్పుల్లోనే చెదిరి ఉంటాయని నా అనుమానం.

1900–1936 మధ్య కాలపు చికాకోల్ తాలూకా గ్రామ లెక్కలను, సెటిల్మెంటు (భూమి శిస్తు నిర్ణయ) రిజిస్టర్లను ఒడిశాలోని గంజాం జిల్లా కేంద్రమైన ఛత్రపురంలో గాని, చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ పురాలేఖాగారంలో గాని, మరెక్కడైనా గాని మీలో ఎవరైనా స్వయంగా చూశారా?