కారం, పచ్చళ్ల యూనిట్‌కు క్లౌడ్ ఈఆర్‌పీ పెట్టాలనుకుంటున్నాం: ఎక్కడ మొదలుపెట్టాలి?

గుంటూరు పొడుల యూనిట్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కొనుగోలు, సరుకు, ఉత్పత్తి, పద్దులు అన్నీ ఒకే చోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌ను, నెట్ ద్వారా అద్దెకు వాడుకునే క్లౌడ్ పద్ధతిలో తీసుకోవాలనుకుంటున్నాం. మా నాన్నగారు పాతికేళ్ల కిందట గుంటూరు దగ్గర ఒక్క పల్వరైజరుతో (పొడి కొట్టే యంత్రంతో) మొదలుపెట్టిన కారం మర ఇప్పుడు కారం, కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చళ్లు తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయింది. అరవై మంది దాకా పనిచేస్తున్నారు. సరుకులో దాదాపు మూడో వంతు అమెరికా, జర్మనీ, గల్ఫ్ దేశాల్లోని మనవాళ్ల దుకాణాలకు వెళుతుంది. పద్దులు ఒకే ఒక్క కంప్యూటరులోని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ, ఉత్పత్తి లెక్కలు ఎక్సెల్‌లోనూ, సరుకు రాకపోకలు గేటు రిజిస్టరులోనూ ఉన్నాయి. పచ్చళ్ల పాళ్లు మాత్రం మా అమ్మగారి నోటుపుస్తకంలో ఉన్నాయి.

గత ఏడాది జరిగిన రెండు సంగతులు నన్ను ఈ ప్రశ్న అడిగేలా చేశాయి. జర్మనీ కొనుగోలుదారు ఒకరు మా కారం బ్యాచ్ ఒకదానిలో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరిమితికి మించి ఉందని రాసి, అందులో ఏ మిరపకాయలు వాడారో, అదే కాయ ఇంకే బ్యాచ్‌లలోకి వెళ్లిందో మర్నాటికల్లా చెప్పమన్నారు. యూరప్‌లో ఎండుమిరపకు బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం 10 మైక్రోగ్రాములు మించకూడదు. జవాబు చెప్పడానికి మాకు మూడు రోజులు పట్టింది. అకాల వర్షానికి కల్లంలో తడిసిన కాయ కొన్ని టిక్కీల్లో (మిరప బస్తాల్లో) వచ్చి, కోల్డ్ స్టోరేజీలో మంచి టిక్కీలతో కలిసిపోయిందని చివరికి ఊహించగలిగామే తప్ప కాగితం మీద చూపించలేకపోయాం. అందుకని ఏ తప్పూ లేని మరో రెండు బ్యాచ్‌లను కూడా నిలిపివేయవలసి వచ్చింది.

రెండోది, 2025 సెప్టెంబర్ 22న పచ్చళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు నాలుగు చోట్ల ధరలు మార్చవలసి వచ్చి, ఒక చోట మరిచిపోవడం వల్ల కొన్ని ఇన్‌వాయిస్‌లు పాత రేటుతో వెళ్లాయి.

క్లౌడ్ ఈఆర్‌పీ తీసుకుంటే ఇవి నిజంగా తీరుతాయా? నా భయాలు కూడా చెబుతాను: మా దగ్గర నెట్ తరచుగా పోతుంది; గేటు దగ్గర ఉండే పెద్దాయనకు టైపు చేయడం రాదు; అమ్మ పాళ్లు ఎవరిదో సర్వరులో పెట్టడానికి మనసొప్పడం లేదు; పైగా అద్దె ఏటా కడుతూనే ఉండాలి.

భీమవరం రొయ్యల ప్లాంట్, క్వాలిటీ విభాగం:

మీరు పడిన మూడు రోజుల బాధ నాకు బాగా తెలుసు, ఎందుకంటే మేమూ పడ్డాం. మిరపకాయకూ రొయ్యకూ ఈ విషయంలో తేడా లేదు. ఒక చెరువు నుంచి వచ్చిన రొయ్య తల తీసి, కౌంట్ల (పరిమాణాల) వారీగా వేరుచేసేసరికి నాలుగైదు గ్రేడుల్లోకి చీలిపోతుంది. ఒక్కో గ్రేడులోకి మళ్లీ నాలుగైదు చెరువుల రొయ్య వచ్చి కలుస్తుంది. కాగితాల మీద మేము ప్రతి దశనూ శ్రద్ధగానే రాసేవాళ్లం, కానీ ఒక దశలోని నంబరు తర్వాతి దశలోని నంబరును ఎరగదు. ఈఆర్‌పీ మాకు చేసిన అసలు మేలు ఇదొక్కటే అని చెప్పగలను: ప్రతి కొత్త లాటూ (ఒకే నంబరు కింద ఉంచే సరుకు) తాను ఏయే పాత లాట్ల నుంచి, ఎన్నెన్ని కిలోలతో పుట్టిందో గుర్తుపెట్టుకుంటుంది. దానివల్ల కార్టన్ నుంచి చెరువుకు వెనక్కి, చెరువు నుంచి కార్టన్లకు ముందుకు రెండు వైపులా వెళ్లగలుగుతున్నాం.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తెచ్చిన ఆహార జాడ (సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందనే) నిబంధనలో రొయ్యలు ఉన్నాయి. అడిగిన 24 గంటల్లో వివరాలన్నీ వరుస మార్చి చూసుకోగల ఎలక్ట్రానిక్ పట్టికగా ఇవ్వాలని అది చెబుతుంది. 2026 జనవరి 20 నుంచి అమలు కావలసిన ఆ గడువును 2028 జూలై 20కి జరిపారు కానీ, మా కొనుగోలుదారులు అంతవరకు ఆగడం లేదు. ఆ నిబంధన వర్తించే ఆహారాల జాబితాలో పచ్చి మిరపకాయ ఉంది, ఎండుకారం లేదు. కాబట్టి మీ కారానికి అది నేరుగా వర్తించదు. అయినా ఆ పట్టికలోని గడులను ఒకసారి చదవండి. ఏమేమి రాసి ఉంచుకోవాలో అంతకంటె స్పష్టంగా చెప్పిన పత్రాన్ని నేను చూడలేదు.

ఇంకొక మాట చాలా గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. లాటు నంబర్లు కలిపినంత మాత్రాన జాడ దొరికినట్టు కాదు, తూకం కూడా కలవాలి. తొడిమలు, తాలు కాయలు, దుమ్ము, ఎగిరిపోయిన తేమ అన్నీ తీసేశాక లోపలికి వెళ్లిన కిలోలకూ బయటికి వచ్చిన కిలోలకూ లెక్క సరిపోవాలి. మీ మామూలు తరుగుకన్నా తేడా ఎక్కువ వచ్చిన రోజున రాయని కాయ ఏదో కలిసిందనో, రాయకుండా ఏదో బయటికి వెళ్లిందనో అర్థం. మీ తడిసిన టిక్కీలు బహుశా ఇక్కడే పట్టుబడి ఉండేవి, ఎందుకంటే తడి కాయ తరుగు వేరుగా ఉంటుంది.

నెట్ గురించి: మా తూకం దగ్గర ఉన్న ట్యాబ్లెట్ నెట్ లేనప్పుడు వివరాలను తనలోనే దాచుకుని, రాగానే పంపిస్తుంది. తుపానుకు రెండు రోజులు లైను తెగినప్పుడు కూడా పని ఆగలేదు. ఈ సదుపాయం అన్నిటిలోనూ ఉండదు, అడిగి మీ ఎదుటే నెట్ తీసి చూపించమనండి. మీ పెద్దాయన టైపు చేయనవసరం లేదు. దిగిన ప్రతి టిక్కీకీ క్యూఆర్ స్టిక్కరు అంటించి, స్కాన్ చేసి, కాటా మీద పెడితే బరువు దానంతటదే ఎక్కుతుంది. మా దగ్గర ఈ పని అందరికంటె ముందు నేర్చుకున్నది ఐస్ గది దగ్గర ఇరవై ఏళ్లుగా ఉన్న మనిషి.

విజయవాడ సీఏ:

ప్రైవేట్ లిమిటెడ్ అన్నారు కాబట్టి రెండు నిబంధనలు మీకు కచ్చితంగా వర్తిస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఏ పద్దును ఎప్పుడు మార్చారో నమోదు చేసే ఆడిట్ ట్రెయిల్‌ను కలిగి ఉండాలి, దాన్ని ఆపివేసే వీలు ఉండకూడదు. రెండోది, 2022 ఆగస్టు సవరణ ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే పద్దుల బ్యాకప్ ప్రతిరోజూ భారతదేశంలో ఉన్న సర్వరులో పడాలి. పద్దులను ఎనిమిదేళ్లు భద్రపరచాలి. కాబట్టి సర్వరు ఎక్కడుందన్నది అమ్మేవారిని మర్యాదకు అడిగే ప్రశ్న కాదు, ఒప్పందంలో రాయించుకోవలసిన విషయం.

మీ టర్నోవరు 5 కోట్లు దాటి ఉంటే 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) తప్పనిసరి. 10 కోట్లు దాటితే 2025 ఏప్రిల్ 1 నుంచి ఇన్‌వాయిస్‌ను 30 రోజుల్లోగా పోర్టల్‌కు పంపాలి.

సెప్టెంబర్ 22 నాటి తప్పు గురించి ఒక మాట. పన్ను రేటును చెరిపి కొత్తది రాయడమే అసలు పొరపాటు. ఏ తేదీ నుంచి ఏ రేటు అన్నది వరుసగా నిలిచి ఉండే సాఫ్ట్‌వేర్ కావాలి. సెప్టెంబర్ 22కు ముందు అమ్మిన పచ్చడి ఆ తర్వాత వాపసు వస్తే, దాని క్రెడిట్ నోటు (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) పాత 12 శాతంతోనే వేయాలి కదా. పాత రేటు చెరిగిపోయిన చోట ఇది సాధ్యం కాదు. మంచి క్లౌడ్ సేవలో ఈ పట్టిక ఒకే చోట మారితే బిల్లింగుకూ, ధరల జాబితాకూ, ఆన్‌లైన్ ఆర్డర్లకూ అదే వర్తిస్తుంది. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా గడువు తీరిన, తిరస్కరించిన సరుకు వివరాలను మూడు నెలలకోసారి తన ఫాస్కాస్ పోర్టల్‌లో నింపమంటోంది. బ్యాచ్ వారీ గడువు తేదీలు వ్యవస్థలో ఉన్నవారికి అది పావుగంట పని.

హైదరాబాద్ ఈఆర్‌పీ అమలుదారు:

పదకొండేళ్లుగా ఆహార పరిశ్రమలకు ఈఆర్‌పీ అమర్చే పని చేస్తున్నాను. ఏ ఒక్క ఉత్పత్తికీ ప్రతినిధిని కాను. ముందుగా ఒక తేడా తెలుసుకోండి. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను అద్దె సర్వరులో పెట్టి క్లౌడ్ అని అమ్మేవారు చాలామంది ఉన్నారు. అందులో మీకు దక్కేది దూరం నుంచి తెరిచే వీలు మాత్రమే. పన్ను మారినా, చట్టం మారినా కొత్త వెర్షన్ కొని ఎక్కించే బాధ మీదే. అందరు వాడుకరులకూ ఒకే వెర్షన్ నడిచే సేవలో ఆ మార్పు అమ్మేవారి బాధ్యత అవుతుంది. నిబంధనలు ఏటా మారే మన రంగంలో అద్దె కట్టడానికి న్యాయం చేకూర్చే కారణం ఇదే. ఈఆర్‌పీనెక్స్ట్, ఓడూ, బిజినెస్ సెంట్రల్, ఎస్ఏపీ వంటివి ఏవి చూసినా బ్యాచ్, గడువు తేదీ, తయారీ ఫార్ములా ఉంటాయి. టిక్కీల్లో కొని, కిలోల్లో మరపట్టి, సీసాల్లో అమ్మే మీ లెక్క అందులో ఎంత సహజంగా కుదురుతుందో చూడండి. పేరు పెద్దదా చిన్నదా అన్నది ఆ తర్వాతి సంగతి.

అమ్మగారి పాళ్ల గురించి మీ సంకోచం సబబే. మేము చేసేది ఏమిటంటే, మెంతిపిండి, ఆవపిండి, కారం, ఉప్పు, ఇంగువ వంటి కీలకమైన మేళవింపును ముందుగా ఒక గదిలో కలిపి దానికొక సంకేతం పెడతాం. తయారీ హాలులోని ఫార్ములాలో ఆ సంకేతం, దాని బరువు మాత్రమే కనిపిస్తాయి. పూర్తి పాళ్లు ఇద్దరికి తప్ప ఎవరికీ తెరుచుకోవు, ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదవుతుంది. నోటుపుస్తకం తడిసినా, పోయినా మరో ప్రతి లేదు. ఆ ప్రమాదం నాకు సర్వరు ప్రమాదం కన్నా పెద్దదిగా కనిపిస్తోంది.

పాళ్లను వ్యవస్థలో పెట్టడానికి ఇంకో కారణం ఉంది, అది మీ వ్యాపారానికి ప్రాణం వంటిది. ఒకే ఆవకాయకు మూడు చోట్ల మూడు రకాల ఎలర్జీ ప్రకటనలు కావాలి. మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ జాబితాలో ఆవాలు, నువ్వులు లేవు. యూరప్ జాబితాలోని 14 పదార్థాల్లో రెండూ ఉన్నాయి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదో ఎలర్జీ పదార్థంగా చేరాయి, ఆవాలు చేరలేదు. మీరు గానుగ నువ్వులనూనె వాడుతున్నట్లయితే, ధర పెరిగిందని ఒక బ్యాచ్‌లో వేరుశనగ నూనెకు మారిన రోజున మూడు లేబుళ్లూ తప్పవుతాయి. ఫార్ములాకూ లేబులుకూ ముడి వేసి ఉంటే, నూనె మార్చగానే పాత లేబులుతో ప్యాకింగుకు అనుమతి రాకుండా ఆపవచ్చు. ఒక పిల్లవాడి ప్రాణం ఆ ముడి మీద ఆధారపడి ఉండవచ్చు కాబట్టి దీన్ని తర్వాత చూద్దామని వాయిదా వేయవద్దని ప్రార్థిస్తున్నాను.

ఒప్పందంలో మరొకటి రాయించండి: మీరు సేవ మానుకుంటే బ్యాచ్ చరిత్రతో సహా మొత్తం వివరాలు ఎక్సెల్‌లో తెరుచుకునే రూపంలో ఇవ్వాలి. నా ఖాతాదారు ఒకరికి పాత విక్రేత పద్దుల మొత్తాలు మాత్రమే ఇచ్చి, లాట్ల వివరాలు ఇవ్వలేదు. నాలుగేళ్ల చరిత్ర పోయింది.

ఇక మొదటి ఏడాది పద్దులను పాత సాఫ్ట్‌వేర్‌లోనే ఉంచి, సరుకు, ఉత్పత్తి, క్వాలిటీలను మాత్రమే కొత్తదానిలోకి తీసుకురావాలన్నది నా సలహా. అన్నీ ఒకేసారి మార్చిన చోట సిబ్బంది అలసిపోయి మళ్లీ రిజిస్టరుకు వెళ్లడం చూశాను.

విజయవాడ సీఏ:

చివరి సలహాతో పూర్తిగా ఏకీభవించలేను. రెండు చోట్ల స్టాకు ఉంటే మార్చి 31న రెండు విలువలు వస్తాయి, ఆడిటర్ అడిగేది వాటి మధ్య తేడానే. పాతదాన్ని ఉంచినా దానిలో స్టాకు నిర్వహణను ఆపివేసి, కొత్తదాని నుంచి నెలకొకసారి విలువను మాత్రమే చేర్చండి.

గుంటూరు పొడుల యూనిట్:

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఎలర్జీ సంగతి చదివాక నిన్ననే మా మూడు లేబుళ్లు పక్కపక్కన పెట్టి చూశాం. యూరప్ లేబులు మీద ఆవాలు ఉన్నాయి కానీ నువ్వులు లేవు, కాబట్టి ఆ సరుకును పంపకుండా ఆపి కొత్త లేబులు అచ్చుకు ఇచ్చాం. అమ్మ కూడా ఒప్పుకున్నారు, అయితే పాళ్లు తెరిచే ఇద్దరిలో ఒకరు తానే అయి ఉండాలన్నారు. ఎప్పుడు మొదలుపెట్టడం మంచిదో చెప్పగలరా? ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి యార్డుకు కొత్త కాయ వస్తుంది, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మామిడికాయ పని ఉంటుంది.

భీమవరం రొయ్యల ప్లాంట్, క్వాలిటీ విభాగం:

అయితే ఆ నెలల జోలికి పోకండి. కోల్డ్ స్టోరేజీలో మీ టిక్కీలు తగ్గిపోయే అక్టోబర్, నవంబర్‌లలో స్టాకు లెక్కించి ఎక్కించండి, అప్పుడు మిగిలిన ప్రతి టిక్కీనీ చేత్తో తాకి స్టిక్కరు అంటించగలుగుతారు. కొత్త కాయ వచ్చేలోపు కారం ఒక్కదానితోనే నడపండి, పచ్చళ్లను మరుసటి ఏడాదికి ఉంచండి. జనవరిలో ఒక రోజు ఎవరికీ ముందుగా చెప్పకుండా దుకాణం నుంచి మీ కారం ప్యాకెట్ ఒకటి కొని తెచ్చి, అది ఏ టిక్కీల నుంచి వచ్చిందో చెప్పమని మీ సిబ్బందినే అడగండి. ఎంత సేపు పట్టిందో ఇక్కడ రాయండి, ఎక్కడ ఆగిందో కలిసి చూద్దాం.