మూడెకరాల రైతుకు బర్రెలు లాభమా, నష్టమా?

కల్వకుర్తి రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మాకు మూడెకరాలు, ఒక బోరు ఉన్నాయి. రెండెకరాల్లో పత్తి, ఎకరంలో వరి. హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలి ఊరికి వచ్చి అయిదు ముర్రా బర్రెలు పెడదామని ఉంది. లోను వస్తుందంటున్నారు. యూట్యూబ్‌లో ఒక్కో బర్రె మీద నెలకు పది వేలు మిగులుతాయంటారు. మా నాయన మాత్రం, "పాడి పెట్టుకుంటే ఇంటిల్లిపాదీ దానికే జీతం ఉండాలె" అంటున్నడు. నిజంగా మిగులుతుందా? లెక్కతో చెప్పండి.

మునుగోడు పాడి:
తమ్ముడూ, ఆ వీడియోల్లో లెక్క ఎక్కడ తప్పుతుందో ముందు చెప్తా. బర్రె ఈనిన మొదటి రెండు మూడు నెలల్లో ఇచ్చే పాలను పట్టుకుని, ఏడాదంతా అన్నే ఇస్తుందన్నట్టు హెచ్చవేస్తారు. బర్రె చూడి మోసేదే దాదాపు 310 రోజులు. ఈనినాక మళ్లీ ఎదకు రావాలి, కట్టించాలి, చూడి నిలవాలి. ఈతకు ఈతకు నడుమ పదిహేను నెలలు పడితే ఆ కొట్టం బాగా నడుస్తున్నట్టే. అందులో పది నెలలు పాలిస్తుంది, అయిదు నెలలు వట్టిపోయి ఉంటుంది. వట్టిపోయినా మేత తినక మానదు.

మా దగ్గరి ధరలతో ఒక్క బర్రె లెక్క చూడు. పది నెలలకు సగటున రోజుకు ఆరున్నర లీటర్లంటే 1,950 లీటర్లు. ఏడు శాతం వెన్నకు పాల సేకరణ కేంద్రంలో లీటరుకు 55 రూపాయలు పడితే 1,07,250. దాణా పాలిచ్చే రోజుల్లో నాలుగున్నర కిలోలు, వట్టి రోజుల్లో కిలోన్నర. పదిహేను నెలలకు 1,575 కిలోలు, కిలో 28 చొప్పున 44,100. మందులు, ఖనిజ లవణాలు, ఇన్సూరెన్స్ కలిపి 6,000. పచ్చిమేత, వరిగడ్డి నీ పొలంలోవే అయితే 57,150 మిగులుతుంది, అంటే నెలకు 3,810. అదే రోజుకు 20 కిలోల పచ్చిమేత కిలో 3 రూపాయలకు, 5 కిలోల గడ్డి కిలో 5 రూపాయలకు కొన్నావనుకో, ఇంకో 38,250 పోతుంది. మిగిలేది 18,900. నెలకు 1,260.

చూడి నిలవడం మూడు నెలలు ఆలస్యమైతే ఏమవుతుందో అది కూడా చూడాలి. సొంత మేత ఉన్నవాడికి 3,810 కాస్తా 2,965 అవుతుంది. మేత కొనేవాడికి 1,260 కాస్తా 415కు పడిపోతుంది. లోను వడ్డీ, ఇంటివాళ్ల కష్టం, బర్రె ముసలిదవుతున్నకొద్దీ తగ్గే ధర ఇందులో వేయనే లేదు. విజయ డెయిరీకి, నార్ముల్ పాల సంఘానికి పోసే రైతులకు ప్రభుత్వం అప్పట్లో లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది కదా, అలాంటివి చేతికి వచ్చిన రోజు తీసుకో, లెక్కలో మాత్రం వేసుకోకు.

అందుకే నేనడిగేది ఒక్కటే. మే నెలలో నీ బోరు ఎన్ని గంటలు పోస్తుంది? ఇరవై గుంటల్లో సూపర్ నేపియర్ పచ్చిగడ్డి పెడితే నీళ్లు అందినన్నాళ్లు నాలుగైదు బర్రెలకు సరిపోతుంది. ఎండాకాలంలో బోరు తగ్గితే మేత సగానికి వస్తుంది, సరిగ్గా అప్పుడే బయట గడ్డి ధర పెరుగుతుంది. మేలో ఎన్ని బర్రెలకు మేత ఉంటుందో అన్నే బర్రెలు కొను. తాగే నీళ్ల సంగతి కూడా చూసుకో. మా మునుగోడు, మర్రిగూడ వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మనుషులకే కాదు, పశువుల పళ్లు, ఎముకలు కూడా పాడవుతాయి.

షాద్‌నగర్ పాలు:
అన్నా, లెక్క బాగుంది కానీ నేను ఒప్పుకోను. కేంద్రానికి పోసినంత కాలం ఎవరికైనా ఇంతే మిగులుతుంది. ధర మన చేతిలో ఉండాలి. మేము హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు నేరుగా పోస్తున్నాం, లీటరు 90 పడుతోంది. మేత కొన్నా గిట్టుబాటు అవుతోంది. తమ్ముడికి సిటీ తెలుసు, ఉద్యోగం చేసిన పిల్లగాడు, అమ్మడం నేర్చుకోవాలి గానీ బోరు చూసి భయపడితే ఎట్లా?

మునుగోడు పాడి:
నీకు హైవే, సిటీ రెండూ దగ్గర. కల్వకుర్తి నుంచి ముప్పై లీటర్లు పట్టుకుని రోజూ పొద్దున సిటీకి పోతే డీజిల్‌కే సరిపోతుంది. పైగా ఇంటింటికి పోసేవాడు ఒక్కరోజు కూడా ఆగకూడదు. రెండు బర్రెలు ఒకేసారి వట్టిపోతే ఆ ఇళ్లకు ఎక్కడి పాలు పోస్తాడు?

వనపర్తి పశువైద్యం:
మునుగోడు అన్న చెప్పిన మూడు నెలల ఆలస్యం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది రైతులు నష్టపోయేది అక్కడే. ఎండాకాలంలో బర్రెలకు మూగ ఎద వస్తుంది. అరవదు, బయటికి పెద్దగా ఏమీ కనపడదు. ఎద వచ్చి పోయిన సంగతి కూడా తెలియదు, ఇంకో 21 రోజులు పోతాయి. రాత్రి చల్లబడ్డాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి బర్రె వెనుక నిలబడి తీగల్లాంటి జిగురు కారుతోందా, మూత్రం మాటిమాటికీ పోస్తోందా చూడాలి. కట్టించిన మూడో నెలలో చూడి పరీక్ష తప్పనిసరి. నిలిచిందనుకుని ఊరుకున్నాక ఆరో నెలలో చూడి లేదని తేలితే ఆ బర్రె ఏడాది లాభం పోయినట్టే.

రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, రోజూ ఒళ్లు తడపడం, కొట్టానికి నీడ ఉండాలి. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, గొంతువాపు టీకా వానల ముందు వేయించండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశు వైద్యశాల వస్తుంది. ఇవన్నీ తక్కువ ఖర్చు పనులే, అయినా చాలా కొట్టాల్లో జరగవు.

దేవరకొండ అక్క:
అందరూ లెక్కలు చెప్పారు, పని ఎవరు చేస్తారో ఎవరూ రాయలేదు. తెల్లారక ముందే లేచి పెండ తీసేది, పాలు పిండేది, కుడితి పెట్టేది, మేత కోసుకొచ్చేది మా ఇంట్లో నేను, మా అత్తమ్మ. నెలకు 3,810 అంటే రోజుకు 127 రూపాయలు. రెండు బర్రెలు కలిపినా 254. పత్తి ఏరబోతే అంతకంటే ఎక్కువ కూలి వస్తుంది.

అయినా నేను బర్రెలు అమ్మమనను. పత్తి ఏరే పని కొన్ని నెలలే ఉంటుంది. పాల బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంది, పిల్లల ఫీజులు దాంతోనే కడుతున్నాం. పెండ ఎరువు మా చెలకకే పోతోంది, దాని విలువ కూడా మీ లెక్కలో లేదు. నేను చెప్పేది ఏంటంటే, బిల్లు పని చేసే ఆడమనిషి ఖాతాలో పడాలి. తమ్ముడూ, లోను కాగితం మీద సంతకం పెట్టే ముందు మీ అమ్మను అడిగినవా?

అమ్రాబాద్ తూర్పు:
పాడి అనగానే ముర్రా ఒక్కటే గుర్తుకొస్తోంది అందరికీ. మా నల్లమల అంచున పొడ తూర్పు ఆవులున్నాయి, ఒంటి నిండా మచ్చలు. 2020లో వీటిని ప్రత్యేక జాతిగా నమోదు చేశారు. పాలు కొద్దిగానే ఇస్తాయి, ఆ విషయం దాచను. కానీ కొట్టం, దాణా, కూలర్లు ఏమీ అడగవు. అడవిలో మేసి వస్తాయి, ఎండకు తట్టుకుంటాయి. మాకు ఆదాయం పాల మీద కాదు, ఎద్దుల మీద. వీటి కోడెలను దుక్కికి అడిగి కొనుక్కుపోతారు. అయితే మేపే అడవి, మంద వెంట తిరిగే మనిషి లేకపోతే ఇది కుదరదు. మూడెకరాల పత్తి రైతుకు వీటిని పెట్టమని నేను చెప్పను. ఖర్చు తక్కువుండే పశువు కూడా లాభమే ఇస్తుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

కల్వకుర్తి రైతుబిడ్డ:
అందరికీ థ్యాంక్స్. మేలో మా బోరు ఆగి ఆగి రెండు గంటలు పోస్తుంది. అమ్మను అడిగాను. రెండైతే చూసుకుంటానంది, అయిదైతే మనిషిని పెట్టమంది. మనిషికి నెలకు పన్నెండు వేలకు తక్కువ ఎవరూ రారు. అయిదు బర్రెల మీద కూడా అంత నమ్మకంగా మిగలదని అర్థమైంది.

మునుగోడు పాడి:
అయితే రెండే తీసుకో. ఒకటి కొత్తగా ఈనినది, ఇంకోటి ఏడో నెల చూడిది. పాలు ఒకేసారి ఆగిపోవు. మాల్ ఊరి పశువుల సంతలోనైనా, దేవరకద్ర సంతలోనైనా నిండు పొదుగు చూసి బయానా ఇవ్వకు, ముందు పూట పిండకుండా తెచ్చి నిలబెడతారు. వీలైతే అమ్మేవాళ్ల ఇంటికే పోయి, వరుసగా మూడు పూటలు దగ్గరుండి పిండించి చూడు. ఇప్పుడు వానలు పడంగనే నేపియర్ కణుపులు నాటు, మొదటి కోత వచ్చేదాకా బర్రె కొనకు. ఉద్యోగం అప్పటిదాకా వదలొద్దు.

షాద్‌నగర్ పాలు:
రెండు బర్రెలతో ఇల్లు గడవదు, ఉద్యోగమూ వదలలేడు. మరి దీన్ని లాభం అని ఎట్లా అంటారు?

దేవరకొండ అక్క:
ఇల్లు గడవడానికి కాదు తమ్ముడూ. పత్తి దెబ్బతిన్న ఏడు అప్పుకు పోకుండా ఉండడానికి.