ఎద్దడి తట్టుకునే వరి మన బోరు పొలాలకు పనికొస్తదా?

చల్కనేల: 2025 మేలో కేంద్రం ప్రకటించిన ఎద్దడి తట్టుకునే వరి, పూస డీఎస్‌టీ రైస్ 1, మన 1010 రకం వరి (కాటన్‌దొర సన్నాలు) నుంచి చేసిందే. నర్సంపేట, పరకాల దిక్కు యాసంగిల మార్చి దాటితే బోర్లు పోసుడు తగ్గుతది. గసొంటి పొలాలకు ఇది పనికొస్తదా?

విత్తనకణిక: కొంతమేర. వరిల ఉండే డీఎస్‌టీ అనే జన్యువును క్రిస్పర్‌తోటి, అంటే జన్యువును కత్తిరించి సవరించే పద్ధతితోటి, పని చెయ్యకుండ చేసిండ్రు. అది ఆగితే ఆకుల రంధ్రాలు తగ్గుతయి, ఉన్నయి తొందరగ మూసుకుంటయి, నీరు ఆవిరైపోవుడు తగ్గుతది. బీటీ పత్తి లెక్క బయటి జీవి జన్యువు ఇందుల లేదు.

నల్లరేగడి: బీటీ-2 అప్పుడు గులాబి పురుగు రాదన్నరు. ఇప్పుడు కాయ పగలగొడితే ఏముంటదో తెల్వదా?

విత్తనకణిక: పురుగు విషానికి అలవాటు పడ్డది. ఎద్దడి అలవాటు పడే పురుగు గాదు గదా!

ఎకరంపావు: పొట్ట దశల నీళ్లాగితే తాలు పోతదా, పోదా?

విత్తనకణిక: పోతది. గప్పుడు ఎండితే పుప్పొడి చెడుతది, కంకి సగం పొట్టలనే ఇరుక్కుంటది. అందుకే ముందు దశల్ల నీళ్లు మిగుల్చుకోవాలె. మడిల నీటి మట్టం చూసేతందుకు 30 సెంటీమీటర్ల గొట్టానికి కింది సగం చుట్టూ రంధ్రాలు కొట్టి, ఆ సగం మడిల పాతాలె. లోపల నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి పోయినంకనే మళ్ల 5 సెంటీమీటర్ల తడి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాక మాత్రం నీరు నిలపాలె. చల్కల నీరు తొందరగ ఇంకుతది, గొట్టం రోజూ చూడాలె.

నల్లరేగడి: గొట్టం ముచ్చట ఎవలడిగిండ్రు? 2022ల ఇసొంటి సవరణలకు, జన్యు మార్పిడి పంటల మీదున్న 1989 నిబంధనలల్ల కొన్నిటి నుంచి మినహాయింపు ఇచ్చిండ్రు. దాని గురించి చెప్పవేంది?

విత్తనకణిక: వట్టిగ ఇయ్యలే. సవరణ కోసం మొక్కల పెట్టిన క్రిస్పర్ జన్యు ముక్క మిగల్లేదని చూపాలె. తర్వాతి తరాల్ల అది లేని మొక్కలనే ఏరుతరు. చదివి మాట్లాడు.

నల్లరేగడి: నీ చదువు నీ దగ్గర్నే పెట్టుకో. 1010 గింజ ఇంట్ల దాచుకొని నారు పోస్తం. పత్తి గింజ ఏటా కొనుడే. క్రిస్పర్ మీద పేటెంట్లున్నయి, మరి ఈ వరి దాచుకోనిస్తరా?

చల్కనేల: గిది ముందే అడగొచ్చు గదనే.

విత్తనకణిక: వరిల ఎక్కువగ ఆత్మ పరాగమే, అంటే పువ్వు తన పుప్పొడితోటే గింజ కడతది, దాచిన గింజకు గుణం పోదు. మొక్కల రకాలు, రైతు హక్కుల రక్షణ 2001 చట్టం 39వ సెక్షన్ దాచుకోనిస్తది, పక్కోనికి ఇచ్చుకోనిస్తది. బ్రాండు పేరు మీద అమ్మరాదు, గంతే. పేటెంట్ లైసెన్సు సంగతి విత్తనం ఇచ్చే సంస్థ తేల్చాలె.

నల్లరేగడి: తేల్చినంక నారు పోస్తం.

ఎకరంపావు: గొట్టం ఎన్ని ఇంచీలది?

విత్తనకణిక: నాలుగు ఇంచీల పీవీసీ చాలు. పాతినంక లోపలి మట్టి తియ్యి, లేకుంటే నీటి మట్టం కనవడదు.