ఆకురేరి చివర 'ఇ' ఎక్కడిది?

ఐస్‌లాండ్ భాషలో ఊరి పేర్లకు కూడా విభక్తులు ఉంటాయా అని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. ఉంటాయి, పైగా విభక్తిని బట్టి పేరు చివరే మారుతుంది. రాజధాని రేక్యావీక్. అక్కడికి వెళ్తున్నామని చెప్పాలంటే ముందు 'టిల్' అనే మాట రావాలి, దాని తర్వాత షష్ఠి తప్పనిసరి. అందుకని 'టిల్ రేక్యావీకుర్' అంటారు. ఉత్తరాన ఉన్న ఆకురేరి అనే ఊరికి అయితే 'టిల్ ఆకురేరర్'.

నన్ను పట్టుకుని వదలనిది ఈ ఆకురేరి. 'ఆకుర్' అంటే పొలం. 'ఏరి' అంటే నీళ్లలోకి చొచ్చుకుపోయిన ఇసుక, గులకరాళ్ల మేట. పాత భాషలో ఈ మాటకు ప్రథమా రూపం 'ఏర్ర్', ద్వితీయలోనూ చతుర్థిలోనూ 'ఏరి', షష్ఠిలో 'ఏరర్' (నేటి ఉచ్చారణకు దగ్గరగా రాస్తున్నాను). కాలక్రమంలో 'ఏర్ర్' పోయి 'ఏరి'యే ప్రథమగా కూర్చుంది. అంటే నేడు పటంలో కనిపించే పేరు ఒకప్పటి ప్రథమ కానే కాదు! బీడు కొండనేలకు వాడే 'హేది', చిత్తడి నేలకు వాడే 'మీరి' కూడా ఇలా వచ్చినవే.

ఇదే తీరున రూపాలు మారే ఆడవాళ్ల పేర్లలో మాత్రం పాత ప్రథమ నిలిచింది. హిల్దుర్ నేటికీ హిల్దురే. 'హిల్ది' అనేది ద్వితీయ, చతుర్థులకే పరిమితం. నాకు తోచే కారణం ఇది: మనిషిని పిలిచేది ప్రథమలోనే, కాబట్టి ఆ రూపం రోజూ నోట్లో నానుతుంది. మేటనూ బీడునూ ఎవరూ పిలవరు. అక్కడ ఉన్నాం, అటు పోతున్నాం అంటాం. ఎక్కువగా వినబడిన రూపమే నిలిచిపోయింది.

— రేక్యావీక్ కూడా ఇలా మారిందా అండీ?

మారింది, కానీ దాని దారి వేరు. 12వ శతాబ్దపు రచన 'ఈస్లెండింగబోక్'లో అది 'రేక్యర్‌వీక్'. 'రేక్యర్' షష్ఠీ ఏకవచనం, పొగ యొక్క అఖాతం అని అర్థం. మధ్యలో ఒక్క రేఫ జారిపోయేసరికి 'రేక్యా' మిగిలింది, అది షష్ఠీ బహువచనం. ఒక పొగ కాస్తా పొగలయింది. వేడి నీటి ఊటల ఆవిరినే పొగ అన్నారని చెబుతారు.

— మన 'ఇంటి', 'ఊరి' లాంటివేనా ఇవి?

సరిగ్గా పట్టుకున్నారు. విభక్తి చేరే ముందు పేరు చివర వచ్చే, మనం ఔపవిభక్తికం అనే ఆ 'ఇ' తెలుగులోనూ పేరుగా గడ్డకట్టింది, కాకపోతే ఇంటిపేర్లలో. వేటూరు, చిలుకూరు ఊళ్లు. వేటూరి, చిలుకూరి ఇంటిపేర్లు. వేటూరి వారు అన్నప్పుడు ఆ 'ఇ'లో 'యొక్క' దాగి ఉందని ఎవరికీ గుర్తుకు రాదు. ఊరి పేరు మాత్రం ప్రథమలోనే ఉండిపోయింది. ఆకురేరిలో లాగా 'ఇ' ఊరి పేరునే ఆక్రమించిన ఉదాహరణ మీ వైపు ఎక్కడైనా ఉంటే, పాత శాసనంలోని రూపంతో సహా ఇక్కడ రాయండి. నేను చాలాకాలంగా వెతుకుతున్నాను.