‘ఎడమవైపు నిర్లక్ష్యం’ అనకుండా ఏమనాలి?

విజయవాడ నుంచి అడుగుతున్నాను. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఆరు వారాలైంది. దెబ్బ మెదడు కుడిభాగానికి. కళ్లు బాగానే ఉన్నాయి, కానీ ఎడమపక్క ఉన్నదేదీ ఆయన లెక్కలో ఉండదు. కంచంలో కుడి సగం తినేసి "గోంగూర వెయ్యలేదేమ్మా?" అంటారు. కంచం తిప్పి పెడితే అప్పుడు కలుపుకుంటారు. పేపర్లో ‘విజయవాడ’ను ‘వాడ’ అని చదువుతారు. ఆస్పత్రి కాగితంలో ‘ఎడమవైపు నిర్లక్ష్యం’ అని రాశారు. అమ్మ అది చదివి ఏడ్చింది, "ఆయన దేన్నీ నిర్లక్ష్యం చేసే మనిషి కాదే" అని. దీనికి సరైన తెలుగు మాట చెప్పండి.

— మీ అమ్మగారి బాధ న్యాయమైనదండీ. నిర్లక్ష్యం అంటే తెలిసీ పట్టించుకోకపోవడం, అందులో నింద ఉంది. ‘ఏమరుపాటు’ అంటే?

— ఏమరుపాటు క్షణంలో జరిగిపోయేది కదండీ. ఇది రోజంతా ఉంటోంది. నేనైతే ‘ఎడమ పరాకు’ అంటాను. పరాకుగా ఉన్నవాణ్ణి ఎవరూ తిట్టరు, పిలుస్తారు.

— గుంటూరులో ఫిజియోథెరపీ చేస్తుంటాను. ‘పరాకు’ నాకు చాలా నచ్చింది. ఎందుకో చెబుతాను. ఈ జబ్బులో చూపు పోదు, ధ్యాస ఎడమకు మళ్లదు. 1984లో మనస్తత్వ శాస్త్రవేత్త పోస్నర్ బృందం మెదడు దెబ్బతిన్న రోగులను పరీక్షించింది. తెర మీద ముందు ఒక పక్క చిన్న వెలుగు చూపి, తర్వాత గుర్తుపట్టాల్సింది చూపేవారు. మెదడులో దెబ్బతగిలిన పక్కకు ఎదురుపక్కనే (మీ నాన్నగారికైతే ఎడమపక్క) ముందు వెలుగు చూపితే, అక్కడ వచ్చినదాన్ని రోగులు బాగానే పట్టుకున్నారు. వెలుగు దెబ్బతగిలిన పక్కనే వచ్చి, అసలుది ఎదురుపక్క వచ్చినప్పుడే బాగా ఆలస్యం. ధ్యాస ఒకచోట అంటుకుంటే ఊడిరాదన్నమాట. అందుకే, అమ్మా, నాన్నగారి కుడిపక్క టీవీ మోగుతుంటే భోజనం పెట్టకండి. పేపరు ఎడమ అంచున ఎర్రటి గీత గీయండి. ప్రతి వరుసకూ ముందు గీత వెతికి, అక్కణ్ణుంచి చదవమనండి. గీత ఊరికే ఉంటే చాలదు, దాన్ని ఆయన వెతకాలి.

— రాజుగారి ముందు ‘బహుపరాక్’ అని అరిచేవారే, అక్కడ పరాకు అంటే ‘జాగ్రత్త, ఇటు చూడండి’ అని. ధ్యాస తప్పడానికీ, ధ్యాస తిప్పే కేకకీ మనకు ఒకటే మాట! ఆ ఎర్రగీత బహుపరాకే.

— జ్ఞాపకంలో కూడా ఎడమ పోతుందని విన్నాను, నిజమేనా?

— నిజమే. 1978లో మిలాన్‌లో బిసియాక్, లుజాట్టి అనే పరిశోధకులు ఇద్దరు రోగులను కేథడ్రల్ కూడలిని ఊహించుకోమన్నారు. ఒక చివర నిలబడ్డట్టు ఊహిస్తే కుడిపక్క కట్టడాలే చెప్పారు, ఎదురు చివర నిలబెడితే ఇందాక వదిలేసినవి చెప్పారు. మనకైతే ప్రకాశం బ్యారేజీ అనుకోండి. ఎగువకు తిరిగి నిలబడితే ఇంద్రకీలాద్రి కుడిపక్క, దిగువకు తిరిగితే సీతానగరం కుడిపక్క.

— నాన్నగారిని ఇప్పుడే అడిగాను. ఎగువకు తిరిగానని ఊహించుకుని కొండ, గుడి, స్నానాల ఘాట్ చెప్పారు. సీతానగరం ఊసే లేదు. అది ఆయన పుట్టిన ఊరు. అమ్మ ఎడమపక్కకు వెళ్లి కూర్చుని, చెయ్యి పట్టుకుని "పరాకండీ, ఇటు" అంది. ఇటు తిరిగారు.